ఈసీటీకి బీమా: విడతవారీ అనుమతులు వద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

జనం నోట ‘షాక్ ట్రీట్‌మెంట్’ అని నలిగిన ఈసీటీ (మెదడుకు కరెంటు పంపి, కాసేపు మూర్ఛ తెప్పించి మానసిక జబ్బు తగ్గించే చికిత్స) మంచిదా చెడ్డదా అన్న చర్చ తరచూ చదువుతుంటాం. ఆ ప్రశ్నను డాక్టర్లతో తేల్చుకుని, భయాన్ని దాటి, సమ్మతి పత్రం మీద సంతకం చేసిన కుటుంబానికి ఆ తర్వాత ఎదురయ్యే బిల్లు గురించి మాత్రం మాట్లాడేవారు తక్కువ. అందుకే ఈ లేఖ.

తీవ్రమైన కుంగుబాటుతో మూడు వారాల పాటు తిండి ముట్టక, మాట లేక, గోడవైపు తిరిగి పడుకున్న మా అక్క నాలుగో విడత అయిన సాయంత్రం తనంతట తానే లేచి జడ వేసుకుంది. ఆ మర్నాడే బీమా సంస్థ నుంచి కబురు వచ్చింది: ఆరు విడతలకే అనుమతి, ఆపైన కావాలంటే మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి, మత్తు డాక్టరు ఫీజు మాత్రం ఇవ్వలేము.

కరెంటు పంపేది కొన్ని సెకన్లే, మూర్ఛ కూడా సాధారణంగా నిమిషం దాటదు. అంతమాత్రానికి ఇంత ఖర్చేమిటని అడిగేవారికి ఆ గదిలో జరిగేది తెలియదు. మత్తు ఇవ్వాలి, కండరాలు సడలించే మందు ఎక్కించాలి, ఆక్సిజన్ పెట్టాలి, పళ్ల మధ్య గార్డు అమర్చాలి, గుండెనూ మెదడు తరంగాలనూ యంత్రాల మీద గమనించాలి, పూర్తిగా తెలివి వచ్చేదాకా నర్సు పక్కనే ఉండాలి. 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీనీ అనే డాక్టర్లు ఈ చికిత్స మొదలుపెట్టినప్పుడు కండరాలు సడలించే మందులు లేక, ఆ తొలినాళ్లలో మూర్ఛ తాకిడికి రోగుల ఎముకలు విరిగేవి. ఇప్పుడు మత్తు, కండరాల మందు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని భారతదేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది కూడా. అలాంటప్పుడు మత్తు డాక్టరు ఫీజును వేరే పద్దుగా చూపి తోసిపుచ్చడం ఆపరేషనుకు డబ్బిస్తాం గానీ కుట్లకు ఇవ్వమన్నట్టే.

చికిత్స సాధారణంగా వారానికి రెండు మూడు చొప్పున ఆరు నుంచి పన్నెండు విడతలు సాగుతుంది. రాత్రి నుంచి కడుపు ఖాళీగా ఉంచి పొద్దున్నే వెళితే, చాలామంది అదే రోజు ఇంటికి రావచ్చు. ఇరవై నాలుగు గంటలు ఆస్పత్రిలో ఉంటేనే క్లెయిము చెల్లుతుందని పట్టుబట్టే పాలసీ వల్ల అవసరం లేని పడక ఖర్చు పెరుగుతుందే తప్ప ఎవరికీ మేలు లేదు.

నన్ను ఎక్కువగా బాధిస్తున్నది తర్వాతి దశ. ఈసీటీతో కోలుకున్నవారిపై చేసిన అధ్యయనం ఒకటి 2001లో వెలువడింది. అందులో ఆ తర్వాత మందు లేకుండా ఉన్నవారిలో 84 శాతం మందికి ఆరు నెలల్లోపే జబ్బు తిరగబెట్టింది. నార్‌ట్రిప్టిలీన్, లిథియం అనే మందులు కలిపి వాడినవారిలో ఆ సంఖ్య 39 శాతం. మందులతో కూడా నిలవని కొందరికి నెలకో, అంతకంటే కొంచెం ఎడంగానో విడతలు కొనసాగించాలని డాక్టర్లు చెప్పేది అందుకే. బీమా సంస్థ మాత్రం ‘కోలుకున్నారు కదా’ అంటుంది. కోలుకున్న మనిషి అలాగే నిలబడటానికే ఆ విడతలు.

పైగా ఈ చికిత్స జరిగే రోజుల జ్ఞాపకాలు చాలామందికి చెదురుతాయి. క్లెయిము ఫారంలో ‘గత విడత తేదీ’ అన్నచోట కలం పట్టుకుని అక్క నావైపు చూసిన చూపును నేను మరచిపోలేను. పక్కన ఎవరూ లేని రోగి ఈ కాగితాలన్నీ ఎలా నింపుకుంటారు?

మానసిక వ్యాధికీ శారీరక వ్యాధికీ బీమాలో తేడా చూపరాదని పై చట్టమే చెబుతోంది. అమెరికాలోనూ ఆ దిశగా 2008లో చట్టం వచ్చింది. కాబట్టి మత్తు ఖర్చుతో సహా మొత్తం కోర్సుకు ఒకే అనుమతి ఇవ్వాలనీ, అదే రోజు ఇంటికి వెళ్లే రోగికీ క్లెయిము చెల్లించాలనీ, డాక్టరు రాసిచ్చిన కొనసాగింపు విడతలను కూడా అందులో చేర్చాలనీ బీమా సంస్థలను, వాటిని నియంత్రించేవారిని కోరుతున్నాను.

అక్కకు వచ్చే నెల మరో విడత ఉంది. దానికోసం పెట్టిన దరఖాస్తుకు ఇంకా జవాబు రాలేదు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు