కోరంగి చెక్కబాటకు పాటు వేళల బోర్డు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

కోరంగి మడ అడవిలో చెక్కబాట మీద నడవడానికి వచ్చే జనం పెరుగుతున్నారు. సంతోషించాల్సిన విషయమే. మామూలుగా మడ అడవిలోకి దిగితే బురదలో కాళ్ళు కూరుకుపోతాయి. అలాంటి చోటికి మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళూ, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులూ చెప్పులకి మట్టి అంటకుండా వెళ్ళి రాగలుగుతున్నారంటే ఆ బాట పుణ్యమే. కాకినాడ నుంచి యానాం రోడ్డు మీద అరగంట ప్రయాణం, ఎక్కడా ఎక్కాల్సిన కొండ లేదు. అయితే అంత దూరం వచ్చినవాళ్ళలో చాలామంది అడవిని చూడకుండానే వెనక్కి వెళ్ళిపోతున్నారు. అందుకు వాళ్ళ అశ్రద్ధ ఒక్కటే కారణం కాదు. ఏ వేళలో రావాలో వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు.

సముద్రపు పోటు రోజుకి రెండుసార్లు కాలువల గుండా అడవిలోకి ఎక్కుతుంది, రెండుసార్లు దిగిపోతుంది. ఆ దిగడాన్నే పాటు అంటాం. నిండు పోటు మీద వెళ్తే చెక్కల కింద నీళ్ళు, తల మీద ఆకులు, అంతే. పది నిమిషాల్లో ఫొటోలు అయిపోతాయి. పిల్లలు "ఇంకేం లేదా?" అని అడుగుతారు. తర్వాత బోటెక్కి ఓ చుట్టు తిరిగి ఇంటికి వెళ్ళిపోతారు.

పాటు వేళ వెళ్ళి చూడండి. నీరు తీసిన బురద నిండా తెల్ల మడ, నల్ల మడ చెట్ల శ్వాసవేర్లు నిటారుగా పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు తన వేళ్ళని పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. వాటి మధ్యన వేలెడంత చేపలు, కళ్ళు నెత్తి మీద పెట్టుకుని, ముందు రెక్కల మీద దేక్కుంటూ నీటి బయటే తిరుగుతాయి. ఒళ్ళు తడిగా ఉన్నంతసేపూ వాటికి ఇబ్బంది లేదు. చిన్న చిన్న పీతలు కన్నాల్లోంచి బయటికొస్తాయి. మగపీతకి ఒక డెక్క మాత్రం ఒంటికి మించి పెరిగి ఉంటుంది. కన్నం ముందు నిలబడి దాన్ని పైకీ కిందికీ ఊపుతూ ఆడపీతని పిలుస్తూ ఉంటుంది. చెక్కల మీద దబదబా అడుగులు పడ్డాయా, ఆ అదురుకి అన్నీ ఒక్కసారే మాయమవుతాయి. కదలకుండా కాసేపు నిలబడితే ముందు ఒకటి, తర్వాత రెండు, ఆ తర్వాత బురదంతా పీతలే. స్పీకర్లు పెట్టుకుని పాటలతో నడిచేవాళ్ళు ఇదంతా పోగొట్టుకుంటున్నారు, పక్కవాళ్ళకీ లేకుండా చేస్తున్నారు.

జీవశాస్త్రం చెప్పిన దాన్ని కాబట్టి ఇంకొంచెం చెప్పనివ్వండి. తెల్ల మడ ఆకుని వెలుతురుకి పట్టి చూస్తే పైన సన్నటి ఉప్పు పలుకులు మెరుస్తాయి. వేళ్ళతో తాగిన ఉప్పుని ఆ చెట్టు ఆకుల్లోంచి బయటికి నెడుతుంది. ఉప్పు పొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, ములక్కాడలా వేలాడి, బాగా ముదిరాక రాలుతుంది. బురద దొరికితే అక్కడే నాటుకుంటుంది, నీరుంటే తేలుతూ వేరే చోటికి పోతుంది. తిల్ల చెట్టు దగ్గర మాత్రం పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాలి. దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. కొమ్మలు విరవొద్దని పిల్లల్ని ఊరికే కసిరే బదులు ఈ కారణం చెబితే ఒక్కడూ చెయ్యి పెట్టడు.

ప్లాస్టిక్ సంగతి అందరూ రాసేదే అయినా ఇక్కడ దానికి ప్రత్యేకమైన నష్టం ఉంది. పోటుకి కొట్టుకొచ్చిన క్యారీబ్యాగ్ పాటుకి వెళ్ళిపోదు, శ్వాసవేర్లకి చుట్టుకుని ఉండిపోతుంది. ఆ వేళ్ళకి గాలి అందదు. చిప్స్ ప్యాకెట్ విసిరేవాళ్ళలో ఎక్కువమందికి ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఆ పని చెయ్యరని నా నమ్మకం.

ఈ అడవికి ప్రాణం పోటుపాట్లే. నీరు వచ్చి పోవడం ఆగిన చోట ఉప్పు పేరుకుని మడ చచ్చిపోతుంది. గోదావరి మడ అడవుల్లో అలా బోసిపోయిన చోట్ల ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, చుట్టుపక్కల గ్రామస్థులు కలిసి కాలువలు తవ్వి, పోటు నీరు పారించి, మొక్కలు నాటి అడవిని తిరిగి పెంచారు. ఆ పనిలో చెయ్యి వేసిన ఊళ్ళ మనుషులు ఇప్పటికీ బాటకి దగ్గర్లోనే ఉన్నారు. మన మార్కెట్లకి వచ్చే పండుగప్ప, మండపీత, రొయ్య పిల్లలుగా పెరిగేది ఈ వేళ్ళ సందుల్లోనే. 1789లో, 1839లో వచ్చిన తుపానులు కోరంగి రేవుని ఎలా నాశనం చేశాయో చరిత్రలో ఉంది. 1996 నవంబరు తుపాను మనలో చాలామంది కళ్ళారా చూసిందే. ఉప్పెన వేగాన్ని తగ్గించే ఇలాంటి అడవి తీరంలో ఎందుకుండాలో పిల్లలకి చెప్పడానికి ఈ చెక్కబాటని మించిన తరగతి గది దొరకదు.

కాబట్టి అధికారులకి నా విన్నపం. టికెట్టు ఇచ్చే చోట ఆ రోజు పోటు ఎన్నింటికి, పాటు ఎన్నింటికి అన్నది పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి పెట్టండి. ఫోన్‌లో కూడా అందరికీ దొరికేలా చెయ్యండి. దీనికి పెద్ద ఖర్చు లేదు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటుపాట్ల పట్టికలు ముందుగానే వేస్తుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కూడా వాటి అంచనాలు ఇస్తుంది. వేళలు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతాయి కదా, బడులు ఎలా ప్లాన్ చేసుకుంటాయని కొందరు అడగొచ్చు. ఏడాది పట్టిక చేతిలో ఉన్నప్పుడు, పగటి పూట పాటు పడే రోజులు చూసుకుని పిల్లల్ని తీసుకురావడం ఏ హెడ్‌మాస్టరుకైనా కష్టం కాదు. అమావాస్యకీ పున్నమికీ పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా తీస్తుంది. ఆ రోజుల్లో బురద ఎక్కువగా బయటపడుతుంది.

బోర్డు ఒక్కటే చాలదు. పక్క మత్స్యకార గ్రామాల యువతకి శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి, ప్రతి గుంపుతో ఒకరిని పంపాలి. తిథి చెబితే పోటు ఎప్పుడో చెప్పగల పెద్దలున్న ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు వాళ్ళు. తెల్లవారేసరికి బురదలో కనిపించే జాడ బావురుపిల్లిదో నీటికుక్కదో వాళ్ళు చెప్పినట్టు మరొకరు చెప్పలేరు. 235 చదరపు కిలోమీటర్ల పైబడిన అభయారణ్యం 1978 నుంచి తమ గుమ్మం ముందే ఉంది. దాన్ని నలుగురికీ చూపించే ఉద్యోగం ముందుగా వాళ్ళకే రావాలి. నడిచే దారిలో స్పీకర్లు వద్దని చెప్పే అధికారం కూడా వాళ్ళకే ఇవ్వాలి. పెద్దవాళ్ళు ఆగి చూడటానికి అక్కడక్కడా బెంచీలు, చక్రాల కుర్చీకి ఎక్కడా అడ్డు తగలకుండా చెక్కల మరమ్మతు ఉంటే ఇంకా మంచిది.

కార్తీకమాసంలో వనభోజనాల రద్దీ మొదలయ్యేలోగా కనీసం ఆ బోర్డయినా పెట్టగలిగితే, వచ్చే కుటుంబాలు ఆ రోజు పాటు ఎన్నింటికో చూసుకుని, భోజనాలు ముందో వెనకో పెట్టుకుని, నడకని ఆ వేళకి కుదుర్చుకుంటాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
కాకినాడ.