ఊక, చెరకు పిప్పితో నీటిలోని భారలోహాల తొలగింపు: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారం.

పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల వ్యర్థజలాలు నక్కవాగు గుండా మంజీరలో చేరి చేసిన నష్టం సభ్యులకు తెలియనిది కాదు. దానిపై 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ దాఖలైంది. రైసుమిల్లుల ఊక, చక్కెర మిల్లుల పిప్పి, నూనెమిల్లుల పల్లిపొట్టు నీటిలోని సీసం, కాడ్మియం, నికెల్‌లను పట్టి ఉంచగలవా, ఉంచితే అది మనకు ఎంతవరకు అక్కరకు వస్తుందన్న విషయంపైనే ఈ ఏడాది సంఘం ఎక్కువగా పనిచేసింది.

పట్టి ఉంచగలవన్నది పరిశోధనల్లో ఎన్నోసార్లు రుజువైంది. ఊకలోను, పిప్పిలోను ఉండే సెల్యులోజు, లిగ్నిన్ అనే పీచు పదార్థాలలోని హైడ్రాక్సిల్, కార్బాక్సిల్ అనే రసాయన సమూహాలు ధనావేశం గల లోహ అయాన్లను (విద్యుదావేశం గల కణాలను) తమ ఉపరితలంపై నిలుపుకుంటాయి. నీరు బాగా ఆమ్లంగా ఉంటే హైడ్రోజన్ అయాన్లే ఆ చోట్లను ఆక్రమిస్తాయి కనుక సీసం వంటివి పీహెచ్ (నీటి ఆమ్లతను తెలిపే కొలత; తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) 5 ప్రాంతంలో బాగా పట్టుబడతాయి. ఆరు సంయోజకత గల క్రోమియం సంగతి వేరు: అది రుణావేశంతో ఉంటుంది, దానికి ఆమ్లపు నీరే అనుకూలం. అందువల్ల నికెల్ పూత కడిగిన నీటిని, క్రోమ్ పూత కడిగిన నీటిని ఒకే తొట్టిలో కలిపితే ఏ ఊకా రెండింటినీ సరిగా శుద్ధి చేయలేదు. చిన్న ఎలక్ట్రోప్లేటింగ్ (విద్యుత్తుతో లోహపు పూత వేసే) యూనిట్ల వారితో జరిపిన సమావేశంలో మనం ప్రధానంగా చెప్పింది ఇదే. సున్నం కలిపి లోహాన్ని చాలావరకు అడుగుకు దించిన తరువాత మిగిలే కొద్దిపాటి లోహానికి ఊకను చివరి దశగా వాడుకోవచ్చని సూచించాం.

పాఠశాల విద్యార్థుల ముందు పలచని మైలుతుత్తం ద్రావణాన్ని, శుభ్రపరచిన ఊకతో కలిపి చూపించాం. నీలిరంగు తగ్గడం పిల్లలు ఆసక్తిగా గమనించారు. అయితే రంగు పోయినంత మాత్రాన నీరు తాగడానికి పనికిరాదని అక్కడే వివరించాం. తాగునీటి జాతీయ ప్రమాణం (ఐఎస్ 10500) ప్రకారం లీటరులో సీసం 0.01 మిల్లీగ్రాము, కాడ్మియం 0.003 మిల్లీగ్రాము మించరాదు. ఇంత స్వల్ప పరిమాణం కంటికి కనబడదు. నీటిని కాచినా లోహాలు పోవు.

ఇంటింటికీ ఊక ఫిల్టర్లు పంచాలన్న ప్రతిపాదనను కార్యవర్గం అంగీకరించలేదు. శుద్ధి చేయని ఊక నీటికి రంగునూ సేంద్రియ పదార్థాన్నీ వదులుతుంది. అంతకంటే ముఖ్యంగా, లోహం నీటిలోంచి ఊకలోకి మారుతుందే తప్ప నశించదు. అటువంటి ఊకను పొయ్యిలో పెడితే లోహం బూడిదలో చిక్కబడుతుంది, పొలంలో వేస్తే మట్టిలో చేరుతుంది, పశువుల పాకలో పరిస్తే పశువులకు ముప్పు. పలచని ఆమ్లంతో లోహాన్ని తిరిగి రాబట్టవచ్చు గానీ ఆ ఆమ్లాన్ని కూడా శుద్ధి చేయాలి. వాడిన ఊక ఎక్కడికి పోతుందో తేలనిదే ఏ పథకానికీ సంఘం మద్దతు ఇవ్వరాదని కార్యవర్గం దృఢంగా భావిస్తోంది. పరిశ్రమలు దానిని 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలకు లోబడి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రం వంటి చోటికే పంపాలి.

మొక్కల పంపిణీ, చెరువుకట్ట శుభ్రత ఎప్పటిలాగే సాగాయి. ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

వచ్చే ఏడాది బోరు నీటిలో భారలోహాల పరీక్షలు చేయించాలని తలపెట్టాం. బోరు నీటినే తాగుతున్న సభ్యులు తమ పేర్లను కార్యదర్శి వద్ద నమోదు చేయించుకోవాలని, ఫలితాలు వచ్చేవరకు తాగడానికి సరఫరా నీటినే వాడాలని కోరుతున్నాం.