నోటు పుస్తకం వెనుక అట్టపై వేసిన కథ గురించి

తిరుపతిలోని మా బైండింగు దుకాణంలో పిల్లలకు నోటు పుస్తకాలు కొనే తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు నమస్కారం.

ఈ ఏడాది లాంగ్ సైజు పుస్తకాల వెనుక అట్టపై ఎక్కాలకు బదులు ఒక నీతికథ వేస్తున్నామని, అది పూర్తిగా మా సొంత కథ అని వేసవిలో మీకు చెప్పాము. ఆ మాట నిజం కాదు. సామిల్లులో సగం చీల్చిన దుంగ నడుమ దిగగొట్టిన చీలను ఒక మేకపిల్ల లాగి కాలు ఇరికించుకున్నదని వ్రాసిన ఆ కథను చదివి, చిత్తూరు నుండి వచ్చిన ఒక విశ్రాంత తెలుగు పండితుడు, ఇది పంచతంత్రంలో మిత్రభేదంలోని చీల పీకిన కోతి కథయే కదా అని అడిగారు. కోతిని మేకగా, గుడి కట్టే చోటును సామిల్లుగా మార్చినంత మాత్రాన కథ మాది కాదు. చిన్ననాడు విన్నది మనసు అడుగున మిగిలి నా ఊహ అనిపించింది గాని, కావాలని చేసిన పని కాదు. అయినా సొంత కథ అని అచ్చు వేయించినది నేనే కనుక, క్షమాపణ కోరవలసినదీ నేనే. పాత కథను పాత కథ అని చెప్పి వేసి ఉంటే ఏ దోషమూ లేదు. అబద్ధం అచ్చు వేసిన అట్టమీద పిల్లలకు నీతి చెప్పడమే నన్ను మిక్కిలి బాధించింది.

మిగిలిన 600 అట్టలను పక్కన పెట్టాము. పుస్తకం కొన్నవారు తీసుకొని వస్తే, సగం వ్రాసినదైనా సరే, అట్ట ఉచితంగా మార్చి ఇస్తాము.

కొత్త కథకు మొదట శేషాచలం అడవిలో రాత్రిళ్లు నెమ్మదిగా కొమ్మలు పట్టుకొని తిరిగే దేవాంగపిల్లిని, దానికి తోడు ఒక ఉడుతను తీసుకున్నాను. రెండు పేరాలు దాటేసరికి అది తాబేలు, కుందేలు పందెమే అయి కూర్చుంది. నీతిని ముందుగా నిర్ణయించుకొని దానికి తగిన జంతువులను వెదుకుతున్నంత కాలం నాకు పాత కథలే తిరిగి వచ్చాయి. అందుచేత కలం పక్కన పెట్టి, చిత్తూరు దగ్గర మా మేనమామ చెరకు తోటకు వెళ్లి, బావి మీదికి ఒరిగిన ఈతచెట్టుకు గిజిగాళ్లు గూళ్లు అల్లడం రెండు రోజులు చూశాను. మగ గిజిగాడు పచ్చి ఆకుల నుండి ముక్కుతో సన్నని నారలు చీల్చి తెచ్చి గూడు సగం వరకు అల్లుతుంది. ఆడపక్షి వచ్చి పరీక్షించి ఒప్పుకుంటేనే మిగతా సగం పూర్తవుతుంది, లేకుంటే మగపక్షి దానిని వదలి మరొకటి మొదలు పెడుతుంది. ఇతర గూళ్ల నుండి నారలు లాక్కొని పోవడం కూడా వాటికి అలవాటే.

ఆ చివరి అలవాటే నాకు కథ ఇచ్చింది. తొందరపడిన ఒక గిజిగాడు, చేనికి పోయి నారలు చీల్చే శ్రమ ఎందుకని, నిరుడు మరొక పక్షి వదలి వెళ్లిన గూటి నుండి నారలు పీకి తెచ్చుకుంటుంది. అవి వేరొక ముక్కు వంచిన వంపుల్లోనే ఎండిపోయినవి కనుక, ముడి వేయబోతే కొన్ని విరుగుతాయి, విరగనివి జారిపోతాయి. దూరం నుండి చూస్తే మాత్రం గూడు అందంగానే ఉంటుంది. ఆడపక్షి వచ్చి దానిని పట్టుకొని వ్రేలాడి ఒక్కసారి ఊపగానే గూడు బావి నీళ్లలో పడుతుంది. మగపక్షి కాసేపు ఆ నీళ్లవైపు చూసి, పచ్చని చెరకు తోటవైపు ఎగిరిపోతుంది. మా పొరపాటు నుండే ఈ కథ పుట్టిందని దాచను.

వానలో తడిసిన కోతికి బుద్ధి చెప్పబోయి గూడు పోగొట్టుకున్న పక్షి కథ పంచతంత్రంలో ఉన్నది కనుక, ఈసారి కోతిని ఆ చెట్టు దరిదాపులకు రానివ్వలేదు. మొదటి ప్రతిలో ఒక ముసలి గిజిగాడి చేత నాలుగు వాక్యాల హితబోధ చేయించాను. గూడు పడిపోయిన తరువాత చెప్పవలసినది ఏముందని దానిని కొట్టివేశాను. ప్రూఫును ఆ పండితుడికి చూపించిన తరువాతనే అచ్చుకు ఇచ్చాము.

కొత్త అట్టల పుస్తకాలు ఈ నెల చివరి వారంలో పాత ధరకే దొరుకుతాయి. కథ కింద నీతి వాక్యం అచ్చు వేయలేదు. అక్కడ నాలుగు రూళ్లు గీయించి, పిల్లలు తమకు తోచినది వ్రాసుకోవడానికి ఖాళీగా ఉంచాము.