అప్‌డేట్ తర్వాత పాడైన ఫుట్‌బాల్ ఆటపై ఫిర్యాదు

కావలి,
నెల్లూరు జిల్లా.

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్‌లో మీ ఫుట్‌బాల్ ఆట తాజా అప్‌డేట్‌తో దెబ్బతినడం గురించి.

అయ్యా,

మీ ఆటను నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక దుకాణంలో పూర్తి ధర పెట్టి కొన్నాను. గత నెల అప్‌డేట్ వచ్చేదాకా బాగానే నడిచింది. అప్‌డేట్‌తో ‘ఆట తీరు మెరుగుపడింది’ అన్నారు. ఏ కన్సోల్‌లో మెరుగుపడిందో చెప్పలేదు. టీవీకి తగిలించే పెద్దవాటిలో కాబోలు.

మైదానం మూల నుంచి బంతిని తన్నే కార్నర్ కిక్ సంగతే చూడండి. గోల్ ముందుండే పెనాల్టీ బాక్సులో ఆటగాళ్లు గుమిగూడగానే బొమ్మ తడబడుతుంది. తెరపై సెకనుకు 60 ఫ్రేములు, అంటే వరుసగా మారే బొమ్మలు, వస్తే ఒక్కోటి సుమారు 17 మిల్లీసెకన్లు ఉంటుంది, 30 అయితే 33. ఆ 30 కూడా నిలకడగా రాకపోతే, తలతో కొట్టడానికి నేను బటన్ నొక్కేసరికి బంతి గోల్‌కీపర్ చేతుల్లో ఉంటోంది. ‘మామయ్యా, నీకు వయసైపోయింది’ అంటున్నాడు మా మేనల్లుడు. అప్‌డేట్‌కు ముందు వాడు నా మీద గెలిచిన పాపాన పోలేదు.

మారినవల్లా జెర్సీలు, జట్ల జాబితాలు. రొనాల్డో సౌదీ జట్టు అల్ నస్ర్‌కు వెళ్తే జాబితా మార్చాల్సిందే, కాదనను. మరి నిబంధనల మాటేమిటి? గోల్‌కీపర్ బంతిని 8 సెకన్లకు మించి పట్టుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ ఇవ్వాలన్న నియమం 2025 జూలైలో అమల్లోకి వచ్చింది. మీ గోల్‌కీపర్ బంతిని గుండెకు హత్తుకుని తీరిగ్గా నిలబడుతున్నాడు, రిఫరీ చూస్తూ ఊరుకుంటున్నాడు. పైన పటారం, లోన లొటారం.

ఈ భాగ్యానికి ఫోను డేటా రోజుకింత చొప్పున కరిగించి దించుకున్నాను. మెమొరీ కార్డులో చోటు చాలక క్రికెట్ ఆటను తీసేశాను. దుకాణదారును అడిగితే ‘మేం అమ్మేది డబ్బానే సార్, లోపలిది కంపెనీవారిది’ అన్నాడు. ఆయన మాటా నిజమే.

కాబట్టి పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లే వీలు కల్పించండి, లేదా నా డబ్బు వాపసు ఇవ్వండి. ఇకపై ఏ కన్సోల్‌లో ఏం మారుతుందో విడివిడిగా ప్రకటించండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు.

బిల్లు నకలు, కార్నర్ కిక్ వీడియో జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు