మెరిసే గుండ్ల కంటే ముందు దుమ్ము సంగతి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

షాట్‌గన్ తూటాల్లోని సీసపు గుండ్లను మైదానం నుంచి ఏరి, శుభ్రం చేసి మళ్లీ తూటాల్లో నింపి వాడుకోవడం గురించి మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. ఏరడం మంచి పనే. ఎగిరే పళ్లాలను కొట్టే ఒలింపిక్ పోటీల్లో ఒక్కో తూటాలో 24 గ్రాముల గుండ్లు ఉంటాయి. అలాంటివి నూరు పేలిస్తే దాదాపు రెండున్నర కిలోల సీసం నేలపాలవుతుంది. అరుగుదల కోసం గులకరాళ్లు మింగే పక్షులు వాటితోపాటు ఈ గుండ్లనూ మింగి విషమెక్కి చనిపోతాయి. అందుకే లైసెన్సు నిబంధనలకు లోబడి నేనూ పద్దెనిమిదేళ్లుగా ఏరుతున్నాను.

అయితే, పొడి గుండ్లను డ్రమ్ములో గంటసేపు తిప్పితే అద్దంలా మెరుస్తాయని ఆ వ్యాసంలో రాశారు. ఆరేళ్లపాటు నేను చేసిన పని సరిగ్గా అదే. చప్పుడు ఇరుగుపొరుగుకు వినపడకూడదని తలుపులు మూసుకుని, ఇంటి వెనక గదిలో తిప్పేవాణ్ని. మూత తీసినప్పుడల్లా లేచే బూడిదరంగు దుమ్మును మట్టి అనుకున్నాను. నేలలో పడి ఉన్న సీసం మీద తెల్లటి పొర కడుతుందనీ, అందులో ఎక్కువ భాగం సీసపు కార్బొనేటేననీ, గుండ్లు ఒకదానికొకటి రాసుకుంటే ఆ పొరతోపాటు సీసం కూడా మెత్తటి పొడిగా రాలుతుందనీ నాకు అప్పుడు తెలియదు.

ఎంత నిద్రపోయినా తీరని అలసట, అడపాదడపా కడుపునొప్పి పట్టుకున్నాయి. రక్తపరీక్షలో డెసిలీటరుకు 31 మైక్రోగ్రాముల సీసం తేలింది. 5 ఉన్నా సరే, అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అప్పటికి మూడేళ్ల మా అమ్మాయికి 9 వచ్చింది. ఆ గదిలో ఆమె ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. నా చొక్కా, నా చెప్పులు ఆ దుమ్మును ఆమె దాకా మోసుకొచ్చాయి. కడుపులోకి వెళ్లిన సీసాన్ని పిల్లల శరీరం పెద్దల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని డాక్టరు చెప్పినప్పుడు నేను తల ఎత్తలేకపోయాను.

ఇప్పుడు గుండ్లను ఆరుబయటే, తడిపే శుభ్రం చేస్తున్నాను. సంచి విప్పగానే బకెట్టులో పోసి, నీళ్లూ కాస్త సబ్బూ వేసి కలుపుతాను. సీసం నీటి కంటే పదకొండు రెట్లు బరువు, మామూలు రాయి రెండున్నర రెట్లే. అందుకే సుడి తిప్పి వంపితే ఆకులూ, పగిలిన పళ్లాల పెంకులూ, సన్నటి ఇసుకా చాలావరకు నీటితో వెళ్లిపోతాయి. ఆ నీటిని కాలువలోకో మొక్కలకో పోయకూడదు. తేర్చి, అడుగున దిగిన బురదను ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి. కొందరు పొర పోవడానికి వెనిగర్ వాడమంటారు. దయచేసి వాడకండి. దానితో తయారయ్యే సీసపు ఎసిటేటు నీటిలో కరిగే విషం.

ఆరాక అయస్కాంతం తిప్పుతాను. ఉక్కు గుండ్లు కలిసి ఉంటే పాత తుపాకీ గొట్టాన్ని గీకేస్తాయి. తరువాత జల్లెడ పట్టి, వాలుగా పెట్టిన అద్దం మీద దొర్లిస్తాను. గుండ్రటివి తిన్నగా దిగుతాయి, సొట్టపడ్డవి పక్కకు తప్పుకుంటాయి. ఈ పని చేస్తుంటే నాకు ఎప్పటికీ విసుగు రాదు. ఇక్కడ మీ వ్యాసం వదిలేసిన మాట మరొకటి ఉంది. వేర్వేరు సైజులు కలిస్తే పెద్దవాటి సందుల్లో చిన్నవి దూరి, అదే కొలపాత్రలో ఎక్కువ బరువు పడుతుంది. దానివల్ల తూటాలో ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి ఏరిన గుండ్లను కొలిచి పోయడం చాలదు, త్రాసులో తూచాలి.

ఈ పనికి వేరే బట్టలు, వేరే చెప్పులు పెట్టుకున్నాను. చేతులు కడుక్కోకుండా గడప దాటను. మా అమ్మాయి రక్తంలో సీసం 3కు దిగడానికి పద్నాలుగు నెలలు పట్టింది. నా ఎముకల్లో చేరింది మాత్రం దశాబ్దాలపాటు అక్కడే ఉంటుందట.

మీ వ్యాసం చదివి ఈ ఆదివారమే డ్రమ్ము తిప్పాలనుకుంటున్నవారు ఉండే ఉంటారు. ఈ ఉత్తరాన్ని ఆలోపే ప్రచురించమని వేడుకుంటున్నాను.

– ఒక షూటింగ్ క్రీడాకారుడు