లేజర్ తర్వాత కంట్లో చుక్కలు: ఎన్నాళ్లు వేయాలో తెలుగులో రాసివ్వండి

సంపాదకుడి గారికి నమస్కారం.

షుగర్ వల్ల రెటీనా (కంటి వెనక భాగంలో ఉండే, చూపునిచ్చే పొర) దెబ్బతిని లేజర్ చేయించుకున్నవాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు. వాళ్లలో మా నాన్న ఒకరు. లేజర్ అయ్యాక వాపు, మంట తగ్గడానికి ఇచ్చే చుక్కల మందు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాన్నకు 68 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా షుగర్ ఉంది. పోయిన జూన్‌లో కుడి కంటికి మూడు విడతలుగా లేజర్ చేశారు. కన్ను ఎర్రబడి, నీళ్లు కారుతూ, వెలుతురు చూడలేకపోతుంటే స్టెరాయిడ్ చుక్కలు రాశారు. రోజుకు నాలుగు సార్లు, ఒక వారం అని చీటీలో ఇంగ్లిష్‌లో ఉంది. మందులిచ్చే కౌంటర్‌లో మాత్రం "నాలుగు పూటలా వేసుకోండి పెద్దాయనా" అని సీసా చేతిలో పెట్టి పంపారు. వారం అన్న మాట ఎవరూ నోటితో చెప్పలేదు. చుక్క పడగానే కంటికి హాయిగా ఉండేసరికి మా నాన్న మానలేదు. సీసా అయిపోతే దాన్నే జేబులో వేసుకుని మెడికల్ షాపుకు వెళ్లేవారు. షాపువాళ్లు ఖాళీ సీసా చూసి కొత్తది ఇచ్చేవారు. దసరాకు నేను ఇంటికి వెళ్లేసరికి కిటికీ గూట్లో ఆరు ఖాళీ సీసాలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. లేబుల్ మీద అక్షరాలు ఎంత చిన్నవంటే, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే గానీ నాకే కనపడలేదు. అవి స్టెరాయిడ్ చుక్కలని తెలిశాక మర్నాడే వేరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. కంట్లో ప్రెషర్ 34 ఉందన్నారు. మామూలుగా అది 21 దాటకూడదు.

స్టెరాయిడ్ చుక్కలు రోజుల తరబడి వేస్తే కొందరికి కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఆ ముప్పు మరింత ఎక్కువ. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపు కూడా మొదట్లో బాగానే ఉంటుంది. లోపల మాత్రం కంటి నుంచి మెదడుకు వెళ్లే నరం నలిగిపోతూ ఉంటుంది. మన వాళ్లు నీటికాసులు అనే జబ్బు ఇదే. చుక్కలు ఆపితే ప్రెషర్ చాలామందికి దిగుతుంది, కానీ పోయిన నరం తిరిగి రాదు. దీనికి తోడు శుక్లం కూడా తొందరగా వస్తుంది. షుగర్ నుంచి కాపాడదామని లేజర్ చేయించిన కన్ను చుక్కల మందు వల్ల దెబ్బతిందంటే మా బాధ ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

స్టెరాయిడ్ లేని చుక్కలూ ఉన్నాయి. నెపాఫెనాక్, కెటోరొలాక్, బ్రోమ్‌ఫెనాక్ అలాంటివే. వీటితో ప్రెషర్ భయం లేదు. అలాగని ఇష్టమొచ్చినన్నాళ్లు వేసుకునేవి కావు. ఎక్కువ రోజులు వాడితే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర పలచబడి పుండు పడే ప్రమాదం ఉంది. అది అరుదే. కానీ షుగర్ ఉన్నవాళ్లు, కళ్లు పొడిబారేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. షుగర్ వల్ల కాళ్లు మొద్దుబారినట్టే ఆ పొర కూడా మొద్దుబారుతుంది. పుండు పడినా నొప్పి తెలియకపోవచ్చు.

అసలు ఈ చుక్కలు షుగర్ కంటి జబ్బుకు మందు కాదన్న సంగతే చాలామందికి తెలియదు. లేజర్‌తో రెటీనా అంచుల్లో వందల కొద్దీ చిన్న చిన్న మచ్చలు వేస్తారు. దాంతో ఆ భాగానికి ఆక్సిజన్ అవసరం తగ్గి, షుగర్ వల్ల అడ్డదిడ్డంగా పుట్టిన కొత్త రక్తనాళాలు ముడుచుకుపోతాయి. ఉన్న చూపు నిలబెట్టుకోవడానికి చేసే పని అది. ఆ సెగకు లోపల కొంచెం వాపు వస్తే చుక్కలు దాన్ని తగ్గిస్తాయి, అంతే. కొందరు డాక్టర్లు అవసరం లేదని అసలు రాయనే రాయరు. మా నాన్న మాత్రం చుక్కలు మానితే చూపు పోతుందని భయపడ్డారు. పాపం, ఏ పూటా తప్పకుండా నిష్ఠగా వేసుకున్నారు.

నేను డాక్టర్లను తప్పుపట్టడం లేదు. రోజుకు వంద మందిని చూసేవాళ్లకు ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడే తీరిక ఉండదు. కానీ సీసా మీద ఒక తెల్ల కాగితం అంటించి, ఫలానా తేదీన మొదలు, ఫలానా తేదీన ఆపాలి అని పెద్ద తెలుగు అక్షరాల్లో రాయడానికి అర నిమిషం చాలు. స్టెరాయిడ్ అయితే ప్రెషర్ ఎప్పుడు చూపించుకోవాలో కూడా దాని మీదే రాయాలి. ప్రభుత్వ కంటి ఆసుపత్రుల్లో, ఆరోగ్య పథకాల కింద లేజర్ చేసే ప్రైవేటు ఆసుపత్రుల్లో దీన్ని తప్పనిసరి చేయాలని రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలను కోరుతున్నాను.

స్టెరాయిడ్ చుక్కలు షెడ్యూల్ హెచ్ మందులు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. ఖాళీ సీసా చీటీ కాదు. ఈ మాట ప్రతి మెడికల్ షాపులో గోడ మీద రాయించాలి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు అప్పుడప్పుడూ చూడాలి. మా ఇంట్లో మిగిలిన సీసాను పక్కింటి వాళ్లు కన్ను ఎర్రబడిందని అడిగి పట్టుకెళ్లారని తర్వాత తెలిసి నాకు గుండె ఆగినంత పనైంది. మాది వరి పండించే ప్రాంతం. ఆకు గీసుకుని, గడ్డి పరక తగిలి కంట్లో పుండు పడేవాళ్లు ఎక్కువ. అలాంటి పుండులో ఫంగస్ చేరితే, స్టెరాయిడ్ చుక్కలు దాన్ని ఇంకా పెంచుతాయి. అదృష్టం కొద్దీ వాళ్లు ఆ సీసా ఇంకా వాడలేదు.

ఇంకో మాట. షుగర్, బీపీ మాత్రలు ఇవ్వడానికి ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఊళ్లో తిరుగుతూనే ఉన్నారు. "కంట్లో చుక్కలేమైనా వేసుకుంటున్నారా, ఎన్నాళ్ల నుంచి?" అని వాళ్లు ఒక్క ప్రశ్న అడిగితే మా నాన్న సంగతి జూలైలోనే బయటపడేది.

ఇప్పుడు ఆయన ప్రెషర్ తగ్గడానికి వేరే చుక్కలు వేసుకుంటున్నారు. కుడి కంటికి పక్కనుంచి వచ్చే మనిషి కనపడటం లేదు. ఎడమ కంటికి వచ్చే నెల లేజర్ ఉంది. ఈసారి సీసా మీద తేదీలు నేనే రాస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రేపల్లె, బాపట్ల జిల్లా