డ్రాయింగులు ఎందుకు ఆపానంటే

మా క్లయింట్లకు, మా సైట్లలో పనిచేస్తున్న కాంట్రాక్టర్లకు నమస్కారం.

అన్నిటికంటే ముందు ఒక మాట. మీ ఫైళ్లు ఒక్కటి కూడా పోలేదు. "వాళ్ల సర్వర్ ఎగిరిపోయిందట, డ్రాయింగులన్నీ పోయాయట" అని కొన్ని సైట్ల దగ్గర అనుకుంటున్నట్టు తెలిసి చాలా బాధపడ్డాను. ఆఫీసు సర్వర్ నుంచి క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్‌లో ఉండే స్టోరేజీకి మార్చేటప్పుడు ఫైళ్ల మధ్య లింకులు తెగాయి. అవి కుదిరేదాకా ఒక్క షీటు కూడా బయటికి వెళ్లడానికి వీల్లేదని ఆపింది నేనే.

ఆఫీసు సర్వర్ వదిలి క్లౌడ్‌కు వెళ్లాలన్న ఆలోచన 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదప్పుడు మొదలైంది. మా విజయవాడ ఆఫీసులోకి నీళ్లు రాలేదు కానీ కరెంటు లేదు. స్టాఫ్‌లో కొందరు సింగ్‌నగర్ వైపు ఇళ్లలో చిక్కుకుపోయారు. గుంటూరు సైటు నుంచి మెట్ల డీటెయిల్ కావాలని ఫోన్ చేస్తే పంపే దారి లేకపోయింది.

మార్చే పనిని చాలాకాలంగా మా కంప్యూటర్లు చూస్తున్న ఏజెన్సీకే ఇచ్చాం. మా ఫైళ్లు ఎలా ఉంటాయో కాగితం మీద రాసి మరీ ఇచ్చాం. అపార్ట్‌మెంట్ ప్లాన్ అంటే ఒక్క ఫైలు కాదు. గ్రిడ్డు, కాలమ్‌లు ఒక ఫైలులో, సర్వే ఇంకొక దాంట్లో, టైటిల్ బ్లాక్ మరొక దాంట్లో ఉంటాయి. ఫ్లోర్ ప్లాన్ వాటిని ఎక్స్‌రెఫ్‌లుగా, అంటే కాపీ చేసుకోకుండా లింకు ద్వారా తెచ్చుకుంటుంది. ఒక కాలమ్ జరిపితే అన్ని ఫ్లోర్లలోనూ జరగాలి కాబట్టే ఈ ఏర్పాటు. మేం ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో 2018 వెర్షన్ వచ్చాక ఈ లింకులు డ్రైవ్ పేరుతో పని లేకుండా పడుతున్నాయి గానీ, అంతకు ముందు గీసిన మా ప్రాజెక్టుల్లో డ్రైవ్ లెటర్‌తో సహా పూర్తి పాత్, అంటే ఫైలు ఎక్కడుందో చెప్పే అడ్రసు ఉంటుంది. డ్రైవ్ మారితే లింకు తెగుతుంది. అందుకే ముందు ఒక్క ప్రాజెక్టే మార్చండి, మేం తెరిచి చూశాక మిగతావి మార్చండి అని రాశాం. సరేనన్నారు. తీరా శని, ఆదివారాల్లో ఫోల్డర్లన్నీ ఒకేసారి ఎక్కించేశారు. పేర్లు పొడవుగా ఉన్నాయని కొన్నిటిని కుదించేశారు కూడా.

సోమవారం ఒక అపార్ట్‌మెంట్ ప్లాన్ తెరిస్తే గోడలున్నాయి, తలుపులున్నాయి, కాలమ్‌లు లేవు. షీటు మూలన, జూమ్ చేస్తే తప్ప కనిపించనంత చిన్న అక్షరాల్లో, పాత డ్రైవ్ పాత్ ఒక్క లైను మిగిలింది.

భవనాన్ని 3డీలో తయారుచేసే సాఫ్ట్‌వేర్ రెవిట్‌లోని మోడళ్ల సంగతి ఇంకా దారుణం. నలుగురు కలిసి పనిచేసే సెంట్రల్ ఫైలును మామూలు సింక్ ఫోల్డర్‌లో, అంటే ప్రతి కంప్యూటర్‌లోకీ ఫైళ్లను దానంతటదే కాపీ చేసే ఫోల్డర్‌లో పెట్టకూడదు. దానికి బిమ్ కొలాబరేట్ ప్రో అనే సర్వీసు వేరే ఉంది, దాని లైసెన్సులు కూడా కొని ఉంచాం. అయినా తీసుకెళ్లి సింక్ ఫోల్డర్‌లోనే పడేశారు. అడిగితే "ఏదైనా క్లౌడే కదా సార్" అన్నారు. ఇన్నేళ్లు మా ఆఫీసులో తిరిగిన మనుషులు ఆ మాట అనడం నేను మర్చిపోలేను. వాళ్లతో లెక్క తేల్చేసుకున్నాం.

పాత సర్వర్ చెక్కుచెదరలేదు. దాని మీదే పని నడిపిద్దామని మా ఆఫీసులోనే కొందరన్నారు. అప్పటికి ఒక సైటులో సెంట్రింగ్ కొట్టి, స్టీలు కట్టి, బీమ్‌ల రివిజన్ కోసం ఎదురుచూస్తున్నారు. పని లేకపోయినా కూలీలకు డబ్బులివ్వాల్సి వస్తోందని కాంట్రాక్టర్ గారు నాకే ఫోన్ చేశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ కొందరు పాత సర్వర్‌లో, కొందరు కొత్త చోట గీస్తే ఒకే షీటుకు రెండు రూపాలు తయారవుతాయి. తప్పు బీమ్‌తో స్లాబ్ పోశాక చేసేదేముంది? ఆపేశాను. మీలో కొందరికి కోపం వచ్చింది, రావడం న్యాయమే. రేపు ఇదే పరిస్థితి వచ్చినా నేను ఆపుతాను. ఆ సైటు షీట్లనే అన్నిటికంటే ముందు సరిచేసి ఇచ్చాం. అక్కడి కూలీల ఖర్చును మా ఫీజులో తగ్గిస్తున్నాం.

లింకులన్నీ మా డ్రాఫ్ట్స్‌మెన్, పాత్‌లు సరిచేసే ఆటోక్యాడ్ టూల్ రిఫరెన్స్ మేనేజర్‌తో తిరిగి కట్టారు. నడుస్తున్న ప్రతి ప్రాజెక్టులో ప్రతి షీటునూ, మీకు చివరిసారి సంతకం చేసి ఇచ్చిన పీడీఎఫ్ పక్కన పెట్టి సరిచూశాం. మున్సిపల్ అనుమతి కాపీలు భద్రంగా ఉన్నాయి. అను ఫాంట్లలో టైప్ చేసిన పాత ఒప్పందాలు బ్రౌజర్‌లో గజిబిజిగా కనిపిస్తున్నాయని పీడీఎఫ్‌లుగా మార్చాం. క్లౌడ్‌లో ఉన్నదంతా నెలనెలా హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, ఆఫీసులో కాకుండా వేరే చోట ఉంచుతాం.

ఇకపై డ్రాయింగులు వాట్సాప్‌లో పంపం. లింకు ఇస్తాం, అది తెరిస్తే ఎప్పుడూ తాజా రివిజన్ మాత్రమే కనిపిస్తుంది. మేస్త్రీలకు వాట్సాపే అలవాటని నాకు తెలుసు. లింకు కుదరని సైటుకు మా మనిషే ప్రింటు తెచ్చి, పాతది వెనక్కి తీసుకెళతాడు. ఆలోపు మీ దగ్గరున్న ప్రింటు మీద రివిజన్ నంబరు, తేదీ చూసుకోండి. అనుమానం ఉంటే పని మొదలుపెట్టకుండా నేరుగా నాకు ఫోన్ చేయండి.